పౌడరు గురించి నేను చెప్పిన సాక్ష్యం

ముందుగా ఒక మాట రాసిపెడతాను. నేను పౌడరుతో బాగుపడలేదు, మాత్రలతో బాగుపడ్డాను. ఈ మాట చెప్పాల్సిన రోజున నోటితో చెప్పి ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు.

పాప పడుకున్నాక రాస్తున్నాను. పగలు కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మా అత్త ఊరుకోదు. "ఏంది మే, మళ్ళ పరీచ్చలకు కట్టినావా?" అంటుంది. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివిన కోడలని ఆమెకు గర్వమూ ఉంది, వెటకారమూ ఉంది. నా మాదిరి జబ్బున్న ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతారని ఆశ. జబ్బు సంగతి వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. నేను చేసిన పని సంగతి చెప్పాలి.

పాపకు ఎనిమిదో నెల

మొదటిసారి రక్తం చూసింది అప్పుడే. మొలలనుకున్నాను. కాన్పు తర్వాత మామూలేనని అందరూ అన్నారు. మా అత్త వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చింది, కారం మాన్పించింది, మూడు పూటలా మజ్జిగన్నం పెట్టింది. రోజుకు నాలుగుసార్లు పోయేది ఎనిమిదిసార్లయింది. తర్వాత లెక్క వదిలేశాను. కడుపులో ఎవరో తడిబట్టను మెలితిప్పి పిండుతున్నట్టు ఉండేది. అది మొదలైతే ఇక ఆగేది కాదు. పాలు తాగుతున్న పాపను విడిపించి చాప మీద పెట్టి పరిగెత్తేదాన్ని. వెనక నుంచి వినిపించే ఆ ఏడుపు నొప్పి కంటే ఎక్కువగా గుర్తుంది.

పరిగెత్తడానికి చోటేది? మా ఊరు జమ్మలమడుగుకూ పెద్దముడియానికీ మధ్యలో ఉంది. మా పేటలో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళం తెల్లవారకముందొకసారి, చీకటి పడ్డాక ఒకసారి శనగచేల గట్లకు పోవాలి. ఆ ఏడు ఎన్నికల ముందర ఊరిలో రెండు పార్టీల గొడవ ముదిరింది. చీకటి పడితే ఎవరూ ఇల్లు దాటొద్దని చెప్పారు. మగవాళ్ళు మిద్దెల మీద కాపలా పడుకున్నారు. మా ఆయన పెరట్లో గొయ్యి తవ్వి చుట్టూ గోనెపట్టాలు కట్టాడు. అందులో కూర్చుంటే పక్కింటి వాళ్ళ మాటలు వినిపించేవి. నా చప్పుడు వాళ్ళకు వినపడుతుందని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

ఈ సంగతి ఎట్లనో సుభద్రమ్మ చెవిన పడింది. సుభద్రమ్మ మా పార్టీ పెద్దాయన భార్య. మా ఆయన నడిపే చౌకబియ్యం షాపు ఆయన ఇప్పించిందే. ఒకరోజు ఆమె మా ఇంటికి కబురు పెట్టకుండా తానే వచ్చింది.

"ఏమ్మే కరుణా, నాకు చెప్పొద్దా? మా దొడ్లో లెట్రిన్ ఉండాది. ఏ యాళకైనా రా. గేటుకాడ మొగోళ్ళు ఉంటారని సిగ్గుపడొద్దు, నిన్ను చూస్తే అవతలికి తిరిగి నిలబడాలని చెప్పినా."

అట్లాగే నిలబడేవాళ్ళు. కొడవళ్ళు, కట్టెలు పట్టుకున్న మనుషులు నేను వస్తుంటే గోడవైపు తిరిగేవాళ్ళు. మా పేట ఆడది ఆ ఇంటి దొడ్డివాకిలి దాటడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ తర్వాత జరిగినదానికి ఆమెనొక్కదాన్నే నిందించలేనిది ఇందుకే.

పాపకు పదో నెల

మా నాయన ప్రొద్దుటూరులో మిషన్ బడి పంతులుగా చేసి రిటైరయ్యాడు. నన్ను చూడడానికి వచ్చి, ఎముకలు తేలిన నా చేయి పట్టుకుని చూశాడు. మర్నాడు ప్రొద్దుటూరుకు తీసుకుపోయాడు. బస్సులో జమ్మలమడుగు దాటేలోపల డ్రైవరును రెండుసార్లు ఆపమన్నాడు. రెండోసారి ఎవరో గొణిగితే డ్రైవరే "మీ ఇంట్లో ఆడోళ్ళు లేరాప్పా?" అని నోరు మూయించాడు.

ఆసుపత్రి వరండాలో జనం నేల మీద కూడా కూర్చుని ఉన్నారు. మా టోకెను చాలా వెనక. నేను బాత్రూమ్ తలుపుకు ఆనుకునే నిలబడ్డాను. మోకాలికి గుడ్డ కట్టుకున్న ఒక సాయిబు నన్ను చాలాసేపు చూసి తన చీటీ నా చేతిలో పెట్టాడు.

"నువ్వు ముందు పో బిడ్డా. నాది కీళ్ళ నొప్పి. ఇన్నేండ్లు ఉన్నిది, ఇంగో గంటకు యాడికీ పోదు."

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, చీటీ వెనక పెద్దపేగు బొమ్మ గీసి చూపించాడు. అల్సరేటివ్ కొలైటిస్ అన్నాడు. పేగు లోపలి పొర పుండ్లు పడిందట. "ఇది పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా, అణిగి ఉండే జబ్బు. అణచిపెట్టేది ఈ మాత్రలు. బాగుంది కదా అని నీ అంతట నువ్వు మానేస్తే మళ్ళీ లేస్తుంది" అన్నాడు. పసుపుపచ్చ మాత్రలు రోజూ వేసుకోవాలి. ఇంకో చిన్న మాత్ర కొన్నాళ్ళు వేసుకుని మెల్లగా తగ్గించాలి, దానికి మొగం ఉబ్బుతుందని ముందే చెప్పాడు.

చిక్కు మందులో లేదు, డాక్టరులో ఉంది. ఆయన మా ఊరి రెండో పార్టీ నాయకుని అల్లుడు. మా ఆయనకు తెలిసిన సాయంత్రం మా నాయన ముందర నిలబడి అడిగాడు.

"ఏం మామా, ప్రొద్దుటూరులో వేరే డాక్టర్లే లేరా? ఆళ్ళ అల్లుని కాడికి తీసకపోతావా?"

"ఈ జబ్బు చూసేది ఆయనొక్కడే నాయనా. పేగులకు పార్టీ ఉంటాదా?"

"పేగులకు లేదు మామా. నాకుండాది."

మాకు అది ఊరికే మాట కాదు. ఒక పార్టీ ఇల్లు రెండో పార్టీ వాళ్ళ టీ అంగట్లో టీ తాగదు, వాళ్ళ మిల్లులో పిండి పట్టించదు. వాళ్ళ డాక్టరు దగ్గర ప్రాణం పెట్టిందంటే కోడలు ఆ పక్కకు పోయిందని, వెనకాల మొగుడూ పోతాడని లెక్క. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మందులు వాడతాను, కానీ ఎవరికీ తెలియకూడదు. పుట్టింటికి పోతున్నానని చెప్పి ప్రొద్దుటూరు పోవాలి. మాత్రలను అట్టల నుంచి వలిచి పాప గుడ్డల మూటలో దాచాను.

పాపకు ఏడాది దాటాక

సుభద్రమ్మ చెల్లెలు పులివెందులలో ఉంటుంది. ఆమె మనిషి కింద మనిషిని చేర్చుకునే ఒక కంపెనీలో చేరి పోషకాహార పౌడరు డబ్బాలు జీపులో తెచ్చింది. సుభద్రమ్మ మా పార్టీ ఇండ్లన్నిటికీ అమ్మింది. నెల తిరక్కముందే రెండో పార్టీ నాయకుని ఇంటామె ఇంకో కంపెనీ డబ్బా తెప్పించింది. కొన్నాళ్ళకు గూట్లో ఏ రంగు డబ్బా ఉందో చూస్తే ఆ ఇల్లు ఏ పార్టీనో తెలిసేది. మా అత్త నవ్వేది: "ఓట్ల పెట్టె ఎందుకింగ, డబ్బాలు లెక్కబెట్టుకుంటే సాలదా!"

నాకు మాత్రం సుభద్రమ్మ ఊరికే ఇచ్చింది. "దుడ్ల మాటెత్తితే తంతా. తాగు మే, ఒంటికి బలమొస్తాది."

దాచకుండా డాక్టరును అడిగాను. "తాగితే తాగు. తిండి సరిగా పోవడం లేదు కాబట్టి కొంత బలానికి పనికొస్తుంది. కడుపుబ్బరం చేస్తే మానెయ్. అది పుండు మాన్పదు. మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా తప్పొద్దు" అన్నాడు. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు వేరే రాశాడు. మొదటి వారం పౌడరుతో కడుపు డోలు మాదిరి అయింది. అర చెంచాకు తగ్గించి మజ్జిగలో కలుపుకుంటే ఒంటికి పట్టింది. పౌడరు నాకు చెడు చేయలేదు. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

మెల్లగా రక్తం ఆగింది. పాపకు మొదటి అడుగులు పడినప్పుడు నేను పరిగెత్తకుండా కూర్చుని చూశాను. డాక్టరు చెప్పినట్టే చిన్న మాత్రకు నా మొగం గుండ్రంగా ఉబ్బింది. సుభద్రమ్మ గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అబ్బ, చూడండి మే! సావుబతుకుల్లో ఉన్నిది, మొగం ఎట్ల నిగనిగలాడతాందో! అంతా డబ్బా మహిమ."

నేను నవ్వాను. ఆ నవ్వే మొదలు.

తర్వాతి వారం ఆమె ఇంట్లో మీటింగు పెట్టారు. పులివెందుల నుంచి చెల్లెలు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి, పెద్దముడియం వైపు నుంచి కూడా ఆడవాళ్ళను జీపుల్లో తెచ్చారు. సుభద్రమ్మ నన్ను దొడ్డివాకిలి నుంచి కాకుండా తలవాకిలి నుంచి పిలిచి తన పక్కన చాప మీద కూర్చోబెట్టింది. "కరుణా, నువ్వు చెప్పు. మీ వాళ్ళకు చర్చీలో నిలబడి సాచ్చెం చెప్పే అలవాటు ఉండాది గదా."

ఉంది. చిన్నప్పటి నుంచి ఆదివారాలు విన్నాను, చెప్పాను. మా సాక్ష్యాలకు ఒక పద్ధతి ఉంది. ముందు కష్టం చెప్పాలి, తర్వాత విడుదల చెప్పాలి. జ్వరం వచ్చింది, ప్రార్థన చేశాను, ప్రభువు లేపాడు. మధ్యలో వేసిన ఇంజెక్షన్ సంగతి ఎవరూ ఎత్తరు. దాచాలని కాదు. వింటున్న వాళ్ళందరికీ తెలిసిందే, అదే వీధిలో వాళ్ళే రిక్షా పిలిచి ఉంటారు. ఆ రోజు నేను అదే పద్ధతిలో చెప్పాను. గోనెపట్టాల గొయ్యి చెప్పాను, నోట్లో కుక్కుకున్న కొంగు చెప్పాను, పాప ఏడుపు చెప్పాను. తర్వాత డబ్బా చూపించాను. ఆడవాళ్ళు కండ్లు తుడుచుకున్నారు. నేను బాగా మాట్లాడుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. నచ్చుతూ కూడా ఉంది. కానీ అక్కడ కూర్చున్నవాళ్ళు మా చర్చివాళ్ళు కాదు. నేను మింగిన మాత్రలు వాళ్ళెవరూ చూడలేదు.

మీటింగు అయ్యాక ఒక సన్నటి పిల్ల నా దగ్గరికి వచ్చింది. పేరు మల్లేశ్వరి. పెద్దముడియం దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. నాకంటే రెండు మూడేండ్లు చిన్నది.

"అక్కా, నాకూ ఇదే జబ్బు. కడప పెద్దాసుపత్రిలో పసుపు మాత్రలు ఇచ్చినారు. తింటే వాంతికొస్తాది. నువ్వు మాత్రలు మానేసినావా అక్కా?"

సుభద్రమ్మ నా భుజం మీద చేయి వేసి నిలబడి ఉంది. చెల్లెలు డబ్బాలు అందిస్తూ నా మొగం వైపు చూసింది. నేను నోరు తెరవలేదు. తల ఊపాను.

పాపకు ఏడాదిన్నర

ఆరేడు వారాల తర్వాత సుభద్రమ్మ ఇంట్లోనే విన్నాను. "ఆ గొర్లోళ్ళ పిల్ల లేదా, రక్తం పోయి పోయి కర్నూలుకు ఎత్తకపోయినారంట. పత్యం తప్పింటాది" అని చెల్లెలు చెబుతోంది. నా చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను. వెంటనే లేచి పోయి ఉండాలి. పోలేదు. మా ఆయనకు షాపు పోతుందనుకున్నాను, సుభద్రమ్మ మొగం ఎట్లా చూడాలనుకున్నాను, బతికే ఉంటుందిలే అనుకున్నాను. నాలుగు వారాలు అట్లా అనుకుంటూనే మాత్రలు ఒక్కరోజు తప్పకుండా వేసుకున్నాను. నా తప్పుల్లో నాకు అన్నిటికంటే చేదుగా ఉండేది ఆ నాలుగు వారాలు.

ఇంటికి తెచ్చారని తెలిశాక పాపను చంకనేసుకుని పోయాను. మా ఆయనకు చెప్పలేదు. బస్సు దిగి పల్లె దాకా నడిచాను. కంపకంచె వేసిన దొడ్డి పక్కన రెండు గదుల ఇల్లు. మల్లేశ్వరి మంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోయింది. గూట్లో మా పార్టీ రంగు డబ్బా కనిపించింది.

"రా అక్కా. అత్తా, చెప్పింటి గదా, ఆ అక్క ఈమే." నా చేయి పట్టుకుంది. ఆ చేయి మా నాయన పట్టుకున్ననాటి నా చేయి మాదిరి ఉంది. "నీ మాదిరి నేను నిష్ఠగా తాగలేదక్కా. జాతరకు పొట్టేలు కోసినారు, రెండు ముక్కలు తినింటి. అందుకే నాకు పని చెయ్యలేదంట. ఈసారి గట్టిగా పత్యం పట్టినా."

"కర్నూలులో మాత్రలు ఇచ్చింటారే?"

"ఇచ్చినారు. నిన్నటి నుంచి మానేసినా. రెండూ కలిస్తే గుణం ఇయ్యవని డబ్బా ఇచ్చినామె చెప్పె. నువ్వూ మానేసినావు గదక్కా."

అంత రక్తం పోయాక కూడా ఆమె నన్ను అనుమానించలేదు. తన మీదే నేరం వేసుకుంది. పాపను కింద దించి చెప్పాను.

"నేను మానలేదు మల్లేశ్వరీ. ఒక్కపూట కూడా మానలేదు. ఈ పొద్దు పొద్దున కూడా వేసుకున్నా. పౌడరు ఊరికే పైన తాగినా. నన్ను బాగుచేసింది మాత్రలే. నీకు అబద్ధం చెప్పినా."

ఆమె చేయి తీసేసుకుంది. గుమ్మం దగ్గర కూర్చున్న అత్త ముందు మాట్లాడింది.

"అబద్ధమా? దేవుని బిడ్డలమని చెప్పుకుంటారే మీరు! మా పిల్ల సచ్చింటే?"

మల్లేశ్వరి మెల్లగా అడిగింది. "ఆ పొద్దు తల ఎందుకూపినావక్కా?"

"సుభద్రమ్మ పక్కన నిలబడుండె."

"నేను గూడా నీ పక్కనే నిలబడింటి గదా."

అంతే అంది. గోడవైపు తిరిగి పడుకుంది. బయట గొర్రెలకు నీళ్ళు పెడుతున్న ఆమె మొగుడు అంతా విన్నాడు. లోపలికి వచ్చి నన్ను చూడకుండా చూరులో దోపిన మాత్రల కవరు తీశాడు, చెంబుతో నీళ్ళు ముంచాడు, మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "లెయ్" అన్నాడు. ఆమె లేచి మాత్ర నోట్లో వేసుకుంది. వాంతి రాకుండా తిన్నాక వేసుకోవాలని, మరీ సరిపడకపోతే డాక్టరుకు చెబితే మార్చి ఇస్తాడని చెప్పాను. ప్రొద్దుటూరు డాక్టరు ఆసుపత్రి గుర్తులు కూడా చెప్పాను. అతను తల ఊపలేదు, కాదనలేదు. "బస్సుకు పొద్దయితాంది" అని నన్ను పంపించాడు.

ఆ తర్వాత

తర్వాతి మీటింగులో సుభద్రమ్మ పిలవకముందే నేను లేచి నిలబడ్డాను. పౌడరు బలానికి తాగండి, కానీ దాన్ని నమ్మి డాక్టరు మందు ఏదీ మానొద్దు, నేను మానలేదు, ప్రొద్దుటూరులో మందు వాడుతూనే ఉన్నాను అని చెప్పాను. మల్లేశ్వరి పేరు చెప్పి ఏం జరిగిందో కూడా చెప్పాను.

సుభద్రమ్మ ఒక్కటే అడిగింది. "ప్రొద్దుటూరులో ఎవురి కాడ?"

చెప్పాను.

"ఆళ్ళ అల్లుని కాడనా?"

ఆ తర్వాత మాత్రల మాట ఎవరికీ వినపడలేదు. ఎవరి డాక్టరన్న మాటే ఊరంతా తిరిగింది. మర్నాడు దొడ్డి గేటు దగ్గర మనుషులు గోడవైపు తిరగలేదు, గేటూ తీయలేదు. సుభద్రమ్మను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆమెకు కోపం కంటే బాధే ఎక్కువ అయి ఉంటుంది. తాను దొడ్డివాకిలి తెరిచి ఆదుకున్న మనిషే తనను జనంలో నిలబెట్టింది కదా.

మా ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దాయన ఆయన్ను పిలిపించి షాపు తాళాలు అడిగాడు. ఇచ్చి వచ్చాడు. ఐదో రోజు ఎర్రగుంట్ల వైపు నుంచి నాపరాళ్ళు తెచ్చి పెరట్లో దింపాడు. మరుగుదొడ్డి కట్టడం మొదలుపెట్టాడు. సున్నం కలుపుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "తల ఊపమని నీకు నేర్పించింది నేనే గదా. ఎవురికీ చెప్పొద్దన్నిది నేను." నా తప్పులో ఆయన వాటా తీసుకున్నాడు. తీసుకున్నా నా వాటా తగ్గలేదు.

కొన్ని రోజులకు మా వీధి చివరి ముసలామె ఎవరూ చూడకుండా వచ్చి అడిగింది. "కరుణా, నేను చక్కెర జబ్బు మాత్రలు ఆపి ఆ పౌడరే తాగుతాండా. మళ్ళ వేసుకోవల్లనా?" ఆమె చేయి పట్టుకుని జమ్మలమడుగు తీసుకుపోయాను. ఇంకెవరైనా అట్లా ఉన్నారేమో నాకు తెలియదు. అందుకే ఇది రాశాను. జబ్బు అణిగినప్పుడు దేని వల్ల అణిగిందో నిజం చెప్పండి. అన్నీ చెప్పండి. మీ సగం మాట వినేవాళ్ళకు అదే మొత్తం మాట.

పోయిన నెల డాక్టరు దగ్గరికి పోయాను. ఇప్పుడు దాచేదేమీ లేదు కాబట్టి పాపను కూడా తీసుకుపోయాను. వరండా నిండా జనం. మల్లేశ్వరి వచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది, మాత్రకు మొగం గుండ్రమైంది. మొగుడు చీటీ రాయించుకోవడానికి పోయాడు. నా పక్క కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. ఆమె నన్ను చూసింది, కుర్చీని చూసింది, స్తంభానికి ఆనుకుని నిలబడింది. కడుపు పట్టుకుని అట్లాగే చాలాసేపు నిలబడింది.

నేను పాపనెత్తుకుని లేచి అవతలి గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. అప్పుడు వచ్చి కూర్చుంది.